రచ్చ నేర్పిన విద్య

‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ అన్నది తెలుగువారి నానుడి. స్వగ్రామంలో సమర్థుడనిపించుకున్నవాడే సభలో నిలువగలడని దాని భావం. అనుభవం పండిన పెద్దల మాట కనుక అందులో సత్యం ఉంది. అయితే కొన్ని విద్యలు ఇందుకు విపరీతమైన దారిలో నడుస్తాయి. రచ్చలో నేర్చుకొని వచ్చి ఇంట గెలువవలసిన విద్యలవి. వస్తువును కొనుగోలుదారుని వద్దకు చేర్చి, అతని నమ్మకాన్ని సంపాదించే విద్య అటువంటిది. పుస్తక భాషలో దానిని విపణనం అంటారు. లోక వ్యవహారంలో మార్కెటింగ్ అనే మాటే స్థిరపడింది.

తిరుమల కొండల నీడలో ఈ మాటకు చక్కని నిదర్శనం ఉంది. తిరుపతి నుంచి కడప వైపు సాగే దారిలో, శేషాచల పాదభూమిలో కరకంబాడి అనే గ్రామం ఉంది. శ్రీనివాసుని దర్శనానికి వచ్చే యాత్రికుల చూపు సహజంగా కొండ మీదనే నిలుస్తుంది. తాము ఎక్కివచ్చిన వాహనంలోని బ్యాటరీ ఈ కొండ కిందనే తయారై ఉండవచ్చునన్న ఆలోచన వారిలో చాలామందికి రాదు. ఒకనాడు వానకోసం ఆకాశం వైపు చూసే మెట్టభూముల నడుమ పుట్టిన పరిశ్రమ దేశమంతటా పేరు తెచ్చుకోవడం వెనుక ఇంజనీర్ల ప్రతిభ ఉంది, శ్రామికుల చెమట ఉంది. వాటితో పాటు అమెరికాలోని అట్లాంటా నగరంలో ఒక యువకుడు పరాయి సంస్థలో ఉద్యోగిగా గడిపిన రెండేళ్ల శిక్షణ కూడా ఉంది. ఆ యువకుడు గల్లా జయదేవ్.

వర్తకం తెలుగువారికి కొత్త విద్య కాదు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 13వ శతాబ్దంలో, 1244 ప్రాంతంలో, మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. తుఫానుకు ఓడలు పగిలి సరకు ఒడ్డుకు కొట్టుకొని వస్తే పూర్వరాజులు దానిని అపహరించేవారు. గణపతిదేవుడు ఆ ఆచారాన్ని మాన్పించి, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకొంటామని సముద్ర వర్తకులకు మాట ఇచ్చాడు. సరకు కంటె ముందుగా అమ్మవలసింది నమ్మకమని ఆ చక్రవర్తి గ్రహించాడు. శ్రీనాథ మహాకవి హరవిలాసాన్ని అంకితమిచ్చింది ఒక రాజుకు కాదు, అవచి తిప్పయ శెట్టి అనే వర్తకునికి. సింహళం నుంచి ఏనుగులను, హురుమంజి నుంచి గుర్రాలను, చీనా నుంచి పట్టువస్త్రాలను తెప్పించి రాజులకు సమకూర్చిన ఘనుడాయన. తిరుమల వేంకటేశ్వరునికి అంకితమైన ఆముక్తమాల్యదలో శ్రీకృష్ణదేవరాయలు రాజనీతిని బోధిస్తూ, రేవులను చక్కగా పోషించి దూర ద్వీపాల వర్తకులను ఆదరించాలని చెప్పించాడు. ఇట్లా శాసనంలోనూ, కావ్యంలోనూ, రాజనీతిలోనూ వర్తకునికి గౌరవస్థానమే లభించింది.

కాలక్రమంలో ఆ గౌరవం సన్నగిల్లింది. చదువుకున్నవాడు కచేరీలో కుర్చీ వేసుకొని కూర్చోవాలి గాని, సరకు చేతపట్టుకొని గడపగడపకూ తిరగడం ఏమిటన్న భావన మధ్యతరగతి ఇళ్లలో పాతుకొనిపోయింది. వస్తువును తయారు చేసేవానికి ఇచ్చే మర్యాద దానిని అమ్మేవానికి ఇవ్వలేకపోయాం. అమ్మకం అంటే మాటకారితనమనీ, మాటకారితనం అంటే కొంత మోసమనీ అనుకున్నాం. ఈ అపోహ వల్ల నష్టపోయింది ఉత్పత్తిదారుడే. ‘అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి’ అన్న సామెత ఆ నష్టంలో నుంచి పుట్టిన నిట్టూర్పు.

జయదేవ్ తండ్రి గల్లా రామచంద్ర నాయుడు చిత్తూరు జిల్లా పేటమిట్ట గ్రామంలోని వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చినవారు. రూర్కీలో ఉన్నత సాంకేతిక విద్యను అభ్యసించి, అమెరికాలోని మిచిగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో మరొక పట్టా పొందారు. అక్కడ యు.ఎస్. స్టీల్‌లోనూ, విద్యుత్ కేంద్రాలకు రూపకల్పన చేసే సార్జెంట్ అండ్ లండీ సంస్థలోనూ ఇంజనీరుగా పనిచేశారు. సుఖంగా సాగిపోతున్న జీవితాన్ని విడిచి స్వదేశానికి తిరిగివచ్చి, 1985లో అమరరాజా సంస్థకు పునాది వేశారు. పరిశ్రమ పెట్టదలచినవారు మద్రాసు, బెంగుళూరు, హైదరాబాదు నగరాల వైపు చూసే కాలమది. ఆయన మాత్రం కరకంబాడిని ఎంచుకున్నారు. పల్లె యువకుడు పని వెతుక్కొంటూ నగరానికి వెళ్లడం కాక, పనియే పల్లెకు రావాలన్నది ఆయన సంకల్పం.

అక్కడ తయారు చేయదలచిన వస్తువు సామాన్యమైనది కాదు. సీసపు బ్యాటరీని ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో కనుగొన్నాడు. సీసపు పలకలను సజల గంధకామ్లంలో ముంచి విద్యుత్తును నిలువచేసే ఉపాయమది. మామూలు బ్యాటరీకి ఒక చిక్కు ఉంది. విద్యుత్తు ఎక్కించేటప్పుడు అందులోని నీటిలో కొంత భాగం వాయువులుగా విడిపోయి బయటికి పోతుంది. అందువల్ల తరచు మూత తీసి డిస్టిల్డ్ వాటర్ పోయాలి. ఆమ్లపు ఆవిరి చుట్టుపక్కల యంత్రాలకు హాని చేస్తుంది కనుక ప్రత్యేకమైన గది కూడా కావాలి. కొత్తరకం బ్యాటరీలో విడిపోయిన వాయువు లోపలనే తిరిగి నీరుగా మారుతుంది. లోపలి ఒత్తిడి హద్దు మీరినప్పుడు మాత్రమే ఒక చిన్న కవాటం తెరచుకొంటుంది. నీరు పోసే పని లేదు; విడి గది అక్కరలేదు. వాల్వ్ రెగ్యులేటెడ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ అని దాని పేరు. ఈ సాంకేతిక విజ్ఞానాన్ని అమరరాజా సంస్థ అమెరికాకు చెందిన జీఎన్‌బీ అనే బ్యాటరీల సంస్థ సహకారంతో తెచ్చుకొంది.

వస్తువు గొప్పది. అంతమాత్రాన అమ్ముడుపోతుందా? అసలు చిక్కు అక్కడనే ఉంది. మామిడిపండును కొనేవాడు రంగు చూస్తాడు, వాసన చూస్తాడు, ముక్క కోసి రుచి చూస్తాడు. చీర కొనే ఇల్లాలు నేత చూస్తుంది, అంచు చూస్తుంది. బ్యాటరీలో చూడదగినది ఏమీ లేదు. మంచిదీ చెడ్డదీ పైకి ఒకే పెట్టె. దాని గుణం తెలియాలంటే ఏళ్లు గడవాలి. నేడు సొమ్ము చెల్లించి ఎన్నో ఏళ్ల తరువాత తేలే మేలును కొనడానికి ఎవరు సాహసిస్తారు? అందులోనూ అది దేశానికి కొత్తరకం. నీళ్లు పోయకపోతే బ్యాటరీ ఎండిపోదా, మూత తీయడానికి వీలులేకపోతే లోపల ఏమి జరుగుతున్నదో ఎట్లా తెలుస్తుంది అన్న సందేహాలు సహజం. టెలిఫోను ఎక్స్‌ఛేంజీలు, రైల్వేలు వంటి ప్రభుత్వ వ్యవస్థలే అటువంటి సరకుకు ఆనాడు ముఖ్యమైన కొనుగోలుదారులు. బ్యాటరీ ఆగిపోతే ఊరంతటి ఫోన్లు మూగబోతాయి, సిగ్నళ్లు ఆరిపోతాయి. అంతటి బాధ్యత మోసే అధికారి పాత పద్ధతినే పట్టుకొని ఉండడంలో ఆశ్చర్యం లేదు. ఇంజనీరు కవాటం పనితీరును ఎంత చక్కగా వివరించినా, అవతలివాని మనసులోని భయం తొలగకపోతే ఆ వివరణ వ్యర్థం. భయాన్ని తొలగించడం వేరే విద్య.

ఆ విద్యను ఆ కుటుంబంలో రెండవ తరం నేర్చుకొంది. జయదేవ్ 1966లో చిత్తూరు జిల్లా తవణంపల్లె మండలం దిగువమాఘం గ్రామంలో జన్మించారు. బాల్యం, విద్య అమెరికాలో గడిచాయి. అర్బానా షాంపేన్‌లోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఆయన చదివినవి రాజనీతిశాస్త్రం, అర్థశాస్త్రం. అంటే తండ్రివలె యంత్రాలను గురించి కాక మనుషులను గురించి, వారి అవసరాలను గురించి, వారు నిర్ణయాలు తీసుకొనే తీరును గురించి చదివారన్నమాట. పట్టా చేతికి వచ్చిన వెంటనే తండ్రి సంస్థలో అధికారిగా చేరడానికి ఆయనకు అడ్డు లేదు. అట్లా చేయలేదు. అట్లాంటాలో జీఎన్‌బీ సంస్థలో, అంతర్జాతీయ విక్రయాల విభాగంలో, ఉద్యోగిగా చేరి రెండేళ్లు పనిచేశారు.

ఈ చిన్న విషయంలో పెద్ద నీతి ఉంది. ఇంట్లో యజమాని కుమారుడైనవాడు బయట ఒకరి కింద పనిచేయడం వల్ల కలిగే మేలు ఏ కళాశాలలోనూ దొరకదు. సొంత సంస్థలో తప్పు చేస్తే సరిదిద్దడానికి సిబ్బంది సంకోచిస్తారు. పరాయి సంస్థలో ఆ సంకోచం ఉండదు. సరకు అమ్మకపోతే కారణం చెప్పాలి. చెప్పిన గడువు తప్పితే మాట పడాలి. పూర్వం గురుకులంలో రాజకుమారుడైనా సమిధలు ఏరుకొని రావలసినదే. విద్య వినయం వెంట వస్తుందని మన పెద్దలు ఊరకనే అనలేదు.

అంతర్జాతీయ విక్రయ ఉద్యోగం అన్న పేరులో ఆకర్షణ ఉంటుంది. పనిలో ఉండేది ఓర్పు. ఒక్కొక్క దేశానిది ఒక్కొక్క వాతావరణం. చలిదేశంలో వాహనం తెల్లవారుజామున కదలడమే గొప్ప. ఎండదేశంలో వేడికి బ్యాటరీ ఆయుర్దాయం తరిగిపోవడం పెద్ద బాధ. ఒకచోట ధర ముఖ్యం, మరొకచోట గడువు ముఖ్యం, ఇంకొకచోట చెడిపోయినప్పుడు వచ్చి చూసే మనిషి ముఖ్యం. ఓడలో ఎక్కించిన సరకు అవతలి రేవు చేరేలోగా ఎన్నో పత్రాలు, పన్నులు, బీమాలు చక్కబెట్టాలి. ఈ పనులన్నింటి అడుగున ఉన్న సూత్రం ఒక్కటే. మాట్లాడడానికి ముందు వినాలి. నా వద్ద ఏముంది అని మొదలుపెట్టేవాడు ఒకసారి అమ్మగలుగుతాడు. మీకు ఏమి కావాలి అని మొదలుపెట్టేవాడు పదికాలాలు అమ్ముతాడు.

అమెరికాలో ఈ విషయం శాస్త్రంగా ఎదిగింది. థియోడర్ లెవిట్ అనే ఆచార్యుడు 1960లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ప్రకటించిన వ్యాసంలో అమ్మకానికీ విపణనానికీ గల భేదాన్ని స్పష్టం చేశాడు. అమ్మకం అమ్మేవాని అవసరాన్ని చూస్తుంది. విపణనం కొనేవాని అవసరాన్ని చూస్తుంది. అమెరికా రైలు సంస్థలు తాము రైళ్లు నడుపుతున్నామనుకొన్నాయే గాని, మనుషులను గమ్యం చేరుస్తున్నామని గ్రహించలేకపోయాయనీ, అందుకే కార్లకూ విమానాలకూ ప్రయాణికులను వదులుకొన్నాయనీ ఆయన వివరించాడు. అదే 1960లో జెరోమ్ మెకార్తీ అనే మరొక ఆచార్యుడు ఈ విద్యకు నాలుగు అంగాలను చెప్పాడు. అవి వస్తువు, వెల, చోటు, ప్రచారం. ఈ మెకార్తీ తరువాతి కాలంలో రామచంద్ర నాయుడు చదివిన మిచిగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలోనే ఆచార్యుడుగా ఉండడం ముచ్చటైన యాదృచ్ఛికం. నాలుగు అంగాలలో ప్రచారం చివరిదని గమనించాలి. లోకం మాత్రం మార్కెటింగ్ అనగానే ప్రచారమనే అనుకొంటుంది.

1990ల తొలినాళ్లలో జయదేవ్ తిరుపతికి వచ్చి కుటుంబ సంస్థ బాధ్యతలలో ప్రవేశించారు. దేశం కూడా అప్పుడే మలుపు తిరుగుతున్నది. 1991 జూలైలో ప్రకటించిన నూతన పారిశ్రామిక విధానంతో లైసెన్సుల పట్టు సడలింది. విదేశీ కార్ల సంస్థలకు ద్వారాలు తెరచుకొన్నాయి. పోటీ పెరిగే కొద్దీ నాణ్యతకూ సేవకూ విలువ పెరుగుతుంది. అవకాశం ఎంత పెద్దదో అపాయమూ అంత పెద్దదే. గట్టిగా నిలబడలేని స్వదేశీ సంస్థ కొట్టుకొని పోతుంది. కరకంబాడిలో పని దొరికిన పల్లె యువకుల ఇళ్లలో దీపం వెలగాలన్నా, అక్కడ తయారైన సరకు పోటీలో నెగ్గి తీరాలి. రాయలసీమలో పంట పోతే వలస తప్పదు. పరిశ్రమ పోయినా అంతే.

అట్లాంటాలో నేర్చిన పాఠాన్ని ఉన్నది ఉన్నట్టుగా తిరుపతిలో ఒప్పగించడం కుదిరే పని కాదు. అమెరికాలో కారు యజమాని పెద్ద అంగడికి స్వయంగా వెళ్లి, వరుసగా పేర్చిన బ్యాటరీలలో తనకు నచ్చినది తెచ్చుకొంటాడు. ఇక్కడి యజమాని బ్యాటరీని తాను ఎంచుకొనడు. కారు కదలకపోతే మెకానిక్‌ను పిలుస్తాడు. రోడ్డు పక్కన చిన్న కొట్టులో కూర్చున్న ఆటో ఎలక్ట్రీషియన్ ఏది వేయమంటే అది వేయించుకొంటాడు. కొనేవాడు ఒకడు, నిర్ణయించేవాడు మరొకడు. ఈ సత్యం ఏ విదేశీ గ్రంథంలోనూ ఉండదు. ఇక్కడి వీధిలో నిలబడి చూసినవానికే తెలుస్తుంది. పరదేశంలో నేర్చుకొన్న వినే అలవాటు ఉన్నవాడు ఇక్కడి వీధి చెప్పేదీ వింటాడు. తెచ్చుకోవలసింది సూత్రాన్ని, అక్కడి ఉదాహరణలను అక్కడనే విడిచి రావాలి.

1997లో అమరరాజా సంస్థ అమెరికాకు చెందిన జాన్సన్ కంట్రోల్స్ సంస్థతో భాగస్వామ్యం కుదుర్చుకొంది. 2000 సంవత్సరంలో ‘ఆమరాన్’ అనే పేరుతో వాహనాల బ్యాటరీని విపణిలో ప్రవేశపెట్టింది. ఆ రంగంలో పాత సంస్థలు మర్రిచెట్లవలె ఊడలు దించి ఉన్నాయి. వాటి నీడలో కొత్త మొక్క బతకడమే కష్టం. ఆమరాన్‌ను నిలబెట్టిన తీరు పరిశీలిస్తే మెకార్తీ చెప్పిన నాలుగు అంగాలూ స్పష్టంగా కనిపిస్తాయి. మొదటిది వస్తువు. మన దేశపు ఎండకు తట్టుకొని చాలాకాలం నిలిచేలా, నిర్వహణ భారం లేకుండా దానిని రూపొందించారు. రెండవది వెల. చౌకతనం మీద కాక మన్నిక మీద, దానికి తోడుగా ఇచ్చే హామీ మీద వెలను నిలబెట్టారు. మూడవది చోటు. ఫ్రాంచైజీల ద్వారా పంపిణీ జరిపి, పట్టణాలలో ‘పిట్‌స్టాప్’ అనే ప్రత్యేక దుకాణాలను తెరిపించారు. చిన్న పట్టణాలకు, గ్రామాలకు ‘పవర్‌జోన్’ పేరుతో మరొక వరుస దుకాణాలు వచ్చాయి. ట్రాక్టరు గల రైతు బ్యాటరీ కోసం నగరానికి పరుగెత్తవలసిన పని తగ్గింది.

నాలుగవది ప్రచారం. బ్యాటరీ అంటే నల్లని పెట్టె అన్న భావన ఉన్న రోజులలో ఆమరాన్ ఆకుపచ్చ రంగు ధరించి వచ్చింది. కారు ముందుమూత తెరిస్తే చాలు, చదువురానివాడు కూడా దానిని గుర్తుపట్టగలడు. టెలివిజన్‌లో మట్టిబొమ్మలు కదలి హాస్యం పండించే ప్రకటనలు పిల్లలనూ పెద్దలనూ ఆకట్టుకొన్నాయి. ఎంతో కాలం నిలుస్తుంది, నిజంగా ఎంతో కాలం నిలుస్తుంది అన్నదే వాటి సారాంశం. సాంకేతిక పదం ఒక్కటి లేదు. ఇంజనీరు పది పుటలలో వ్రాసే విషయాన్ని కొనేవాని భాషలో ఒక్క ముక్కలో చెప్పడమే అక్కడి నేర్పు. ‘నోరు మంచిదైతే ఊరు మంచిది’ అన్న సామెతకు ఇదీ ఒక అన్వయం. నోరు మంచిదై ఉండడమంటే తీయగా మాట్లాడడమే కాదు, అవతలివానికి అర్థమయ్యేలా మాట్లాడడం కూడా.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. రంగు, బొమ్మ, నినాదం కొనుగోలుదారుని అంగడి గడప వరకే తీసుకొని రాగలవు. రెండవసారి రప్పించేది వస్తువే. ఎంతో కాలం నిలుస్తుందని చాటిన బ్యాటరీ ఏడాదికే చచ్చిపోతే, ఆ ప్రకటనే సంస్థ మీద నిందాపత్రం అవుతుంది. ప్రచారం వాగ్దానమైతే నాణ్యత దానిని చెల్లించడం. వాగ్దానం చేసేవానికీ చెల్లించేవానికీ నడుమ పొత్తు కుదరకపోతే ఏ సంస్థా నిలువదు. పైగా సీసం విషపదార్థం. దానితో పనిచేసే శ్రామికుని ఆరోగ్యాన్ని, చుట్టుపక్కల నీటినీ నేలనూ కాపాడడం కొనుగోలుదారునికి ఇచ్చిన హామీ కంటె తక్కువ బాధ్యత కాదు. పేరు సంపాదించిన సంస్థను సమాజం మరింత నిశితంగా పరిశీలిస్తుంది. అట్లా పరిశీలించడం న్యాయం కూడా.

విద్య నేర్పిన చోటు శాశ్వతం కాదన్నది ఈ కథలోని మరొక విశేషం. జయదేవ్ పనిచేసిన జీఎన్‌బీ సంస్థను 2000లో అమెరికాలోని ఎక్సైడ్ సంస్థ కొనుగోలు చేసింది. ఆమరాన్ పుట్టిన ఏడాదే తొలి పాఠశాల చేతులు మారిందన్నమాట. జాన్సన్ కంట్రోల్స్ కూడా 2019లో తన బ్యాటరీల వ్యాపారాన్ని అమ్ముకొంది. ఆ భాగస్వామ్యం కాలక్రమంలో ముగిసింది. 2021లో తండ్రి నుంచి జయదేవ్ సంస్థ అధ్యక్ష స్థానాన్ని స్వీకరించారు. నడుమ 2014 నుంచి 2024 వరకు గుంటూరు నుంచి లోక్‌సభ సభ్యులుగా వ్యవహరించారు. 2023లో సంస్థ పేరు అమరరాజా ఎనర్జీ అండ్ మొబిలిటీగా మారింది. సీసానికి బదులు లిథియం వాడే కొత్త తరం బ్యాటరీల కోసం అదే ఏడాది తెలంగాణలోని మహబూబ్‌నగర్ సమీపంలో పరిశ్రమకు శంకుస్థాపన జరిగింది. సంస్థలు మారతాయి, పేర్లు మారతాయి, వస్తువులూ మారతాయి. కొనేవాని మనసు వినే విద్య మాత్రం చేతిలో మిగిలిపోతుంది.

ఒక కుటుంబం ఎదుగుదలను కొనియాడడం ఈ కథ ప్రయోజనం కాదు. ఈ విద్య లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి కరకంబాడి నుంచి చాలా దూరం పోనక్కరలేదు. చిత్తూరు ప్రాంతం మామిడికి పెట్టింది పేరు. గుజ్జుకు పనికివచ్చే తోతాపురి ఇక్కడి తోటలలో విస్తారంగా పండుతుంది. గుజ్జు పరిశ్రమలు ఉన్నాయి. విదేశాలకు ఎగుమతి ఉంది. అయినా పంట విరగకాసిన ఏడాది రైతు ముఖం వాడిపోతుంది. 2025 వేసవిలో ధర పడిపోయినప్పుడు ప్రభుత్వం కిలోకు 4 రూపాయల వంతున సాయం ప్రకటించవలసి వచ్చింది. మదనపల్లె టమాటాది కూడా అదే గతి. ఒకనెల బంగారం, మరునెల రోడ్డుపాలు. పండించడంలో ఇక్కడి రైతు ఎవరికీ తీసిపోడు. తన పండు ఏ దేశంలో ఏ పానీయంగా మారుతున్నదో, దానిని ఎవరు తాగుతున్నారో, వారికి ఏ గుణం ముఖ్యమో అతనికి చెప్పేవారు లేరు. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు లభించింది. కలం పట్టి వస్త్రం మీద పురాణాలు గీసే చిత్రకారుని నైపుణ్యం తరతరాలది. చేతితో గీసిన వస్త్రానికీ యంత్రం అచ్చువేసిన నకలుకూ భేదం కొనేవానికి తెలియజేసే నేర్పు తోడు కాకపోతే, ఆ గుర్తింపు కాగితానికే పరిమితమవుతుంది. అచ్చు చౌక, గీత ఖరీదు. ఆ ఖరీదు ఎందుకో చెప్పగలిగే గొంతు కావాలి.

ఆ గొంతు కావలసింది ఈ తరం విద్యార్థులలో నుంచే. పేటమిట్టలో నేడు అమరరాజా సంస్థ ఆధ్వర్యంలో నైపుణ్య శిక్షణ కేంద్రం నడుస్తున్నది. గ్రామీణ యువకులు అక్కడ పనిచేస్తూ నేర్చుకొంటున్నారు. పనిలో ఉండి నేర్చుకోవడం అన్న పద్ధతికి అట్లాంటా ఒక కొస అయితే పేటమిట్ట మరొక కొస. విదేశానికి వెళ్లే అవకాశం అందరికీ రాదు. రాకపోయినా లోటు లేదు. పక్క ఊరి దుకాణంలో సెలవులకు నెలరోజులు కూర్చున్నా, వచ్చినవారి ముఖం చదవడం అలవడుతుంది. సరకు చూసి వెనుదిరిగిపోయినవాడు ఎందుకు వెళ్లాడో ఆలోచించడం అలవడుతుంది. ఒకరి కింద పనిచేయడానికి సిగ్గుపడనివానికి ప్రతి అంగడీ ఒక విశ్వవిద్యాలయమే.

‘పొరుగింటి పుల్లకూర రుచి’ అని మనలను మనమే వేళాకోళం చేసుకొంటాం. విదేశపు ముద్ర ఉన్న వస్తువు మీద మోజు మనకు ఇంకా తీరలేదు. పొరుగింటికి వెళ్లి పుల్లకూర తిని రావడం కాదు గొప్ప. అది ఎట్లా వండారో తెలుసుకొని వచ్చి, మన పెరటి ఆకుతో వండి, పొరుగువారిని భోజనానికి పిలవడం గొప్ప. కరకంబాడిలో జరిగింది అదే. మోటుపల్లి శిలాస్తంభం మీద గణపతిదేవుడు చెక్కించిన అభయమూ, ఈనాటి బ్యాటరీ మీద ముద్రించిన హామీపత్రమూ ఒకే మాటను చెబుతున్నాయి. ఇచ్చిన మాట నిలబెట్టుకొంటాం, నమ్మి రండి అని. ఆ మాటను అవతలివానికి అర్థమయ్యేలా చెప్పడం ఒక విద్య. చెప్పినదానిని తప్పకుండా చెల్లించడం ఒక వ్రతం. మొదటిది రచ్చలో నేర్చుకోవచ్చు. రెండవది ఇంటి నుంచే తీసుకొని పోవాలి.